ఎవరి చేన్ల పువ్వు?

ఆరేళ్ళ కిందట పెత్తరమాసకు ముందురోజు అమ్మా నేనూ కోరుట్ల శివారుకు గునుగు కోసుకు రావడానికి బయలుదేరాం. మేం పోయే చేను మాది కాదు. ఏనాడూ కాదు. కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఎంగిలిపూల బతుకమ్మకు మా ఇంటి గునుగు ఆ చేనిలోంచే వచ్చేది. ఆ ఏడు పోయి చూస్తే చేను లేదు. హద్దురాళ్ళు పాతిన ప్లాట్లున్నాయి. చుట్టూ సిమెంటు పలకల ప్రహరీ, ముందొక ఇనుప గేటు. గేటు తెరిచే ఉంది. లోపల ఒక మూలన తంగేడు విరగబూసి ఉంది. అమ్మ ఇంకేమీ ఆలోచించకుండా లోపలికి నడిచింది. నాలుగు కొమ్మలు వంచిందో లేదో కాపలా అతను వచ్చాడు.

"ఎవర్ని అడిగి వచ్చిన్రు?"

అతను మర్యాదగానే అడిగాడు. అడగడం అతని నౌకరీ. అమ్మకు మాత్రం ఆ ప్రశ్న అర్థం కాలేదు. "పువ్వుకు వచ్చినం బిడ్డా" అంది, అదే జవాబైనట్టు. ప్లాట్లు కొన్నవాళ్ళు ఊరుకోరనీ, తనకు మాట వస్తుందనీ అతను చెప్పాడు. అమ్మ చేతిలోని తంగేడు వైపు చూసుకుని అతన్నే అడిగింది: "మరి ఇది తీస్కపోవాల్నా, ఇడిసిపెట్టాల్నా?"

అతనూ ఇబ్బందిపడ్డాడు. తీసుకుపొమ్మన్నాడు. ఆ రోజు మిగిలిన పువ్వంతా మేం బజార్లో కొన్నాం.

నేను బతుకమ్మ పాటల మీద పీహెచ్‌డీ చేసిన మనిషిని. మూడు వందల పైచిలుకు పేజీల సిద్ధాంత గ్రంథం. పాటల్లో పుట్టింటి ప్రస్తావన, అత్తింటి ఆరళ్ళు, ఉయ్యాల పల్లవి, ఛందస్సు, పాఠాంతరాలు అన్నీ రాశాను. ఆ పాట ఏ నేల మీద నిలబడి పాడతారో, ఆ పువ్వు ఎవరి నేలలోంచి వస్తుందో ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఇది నా ఒక్కదాని లోపం అనుకోను. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన 1958లో పుస్తకంగా వచ్చి మా అందరికీ తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి లోపలికి వచ్చిన మేమంతా పాటను పాఠంగానే చూడడం నేర్చుకున్నాం. స్త్రీల నోటిలోంచి పాటను జాగ్రత్తగా తీసి కాగితం మీద పెట్టుకున్నాం గానీ, వాళ్ళ కాళ్ళ కింద ఏముందో చూడలేదు.

ఈ వ్యాసం ఆ కాళ్ళ కింది నేల గురించి. స్త్రీలు సాగు కోసం కాకుండా, కూలి కోసం కాకుండా, కేవలం ఆడుకోవడానికీ పాడుకోవడానికీ ఇతరుల భూమిలోకి వెళ్ళగలగడం అనే సంగతికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఎవరూ చరిత్ర అనుకోలేదు.

మా అమ్మమ్మ ఊరు జగిత్యాలకూ కోరుట్లకూ నడుమ. అక్కడ పువ్వుకు పోవుడు అంటే ఒక పూటంతా పట్టే పని. దాన్ని పని అనొచ్చునా, ఆట అనొచ్చునా అన్నది నాకిప్పటికీ తేలలేదు. తెల్లవారుజామున ఏడెనిమిది మంది ఆడవాళ్ళు, వెంట పిల్లలం, చంకలో గంపలు. గునుగు మక్కచేన్లలో, పసుపు చేన్ల గట్ల మీద కలుపుగా మొలుస్తుంది. రైతుకు దాంతో పనిలేదు, మనం కోసుకుపోతే అతనికొక కూలి మిగిలినట్టే. తంగేడు బంచెరాళ్ళలో, కంచెల్లో, గుట్టబోళ్ళ మీద పూస్తుంది. కట్లపువ్వు ఒర్రెల పక్కన. గుమ్మడిపువ్వు మాత్రం అడిగి తెచ్చుకోవాలి, ఎందుకంటే పువ్వు తెంపితే కాయ పోతుంది. ఈ తేడా అందరికీ తెలుసు. ఏది అడగకుండా కోయొచ్చు, ఏది అడిగి కోయాలి, ఏ చేనిలో నడిచేటప్పుడు సాళ్ళ నడుమ నుంచి పోవాలి, ఎవరి బాయికాడ నీళ్ళు తాగొచ్చు అన్నది రాయని చట్టంలా ఉండేది. ఆ చట్టాన్ని అమలు చేసేవాళ్ళు ఆడవాళ్ళే. పిల్లలు మొక్క తొక్కితే చేను ఆసామి కంటే ముందు అమ్మమ్మే వీపు మీద ఒకటి వేసేది.

పువ్వు కోయడం మధ్యలో నవ్వులుంటాయి, ఒకరి కాపురం గురించి ఒకరికి చెప్పుకోవడం ఉంటుంది. ఇంట్లో గట్టిగా అనలేని మాటలు చేన్లో గట్టిగానే అనొచ్చు. మా చిన్నమ్మ తన అత్తగారి మీద కట్టిన ఒక కొంటె పాట నేను మొదట విన్నది ఒక మామిడితోటలో. థీసిస్‌లో ఆ పాట ఉంది, మామిడితోట లేదు.

ఇక మగపిల్లల సంగతి. మా ఊళ్ళో మగపిల్లలందరికీ ఈత వచ్చు. ఎలా వచ్చిందంటే ఎవరి బాయి కనిపిస్తే అందులో దూకి నేర్చుకున్నారు. ఎండాకాలమంతా ఊరి చుట్టూ ఉన్న వ్యవసాయ బావులు వాళ్ళవే. ఆసామి వచ్చి తిడితే బట్టలు చంకలో పెట్టుకుని ఇంకో బాయికి పరుగెత్తేవాళ్ళు. ఆ తిట్టు కూడా ఆటలో భాగమే. నాకు ఈత రాదు. నా ఈడు ఆడపిల్లల్లో ఒక్కరికీ రాదు. పెద్దయ్యాక మగవాళ్ళకు ఈతచెట్ల కింద కల్లు, మామిడితోటల్లో దావత్‌లు. జగిత్యాల మామిడికి పేరున్న ప్రాంతం, తోటలకు కొదవ లేదు. ఎవరి తోట, ఎవర్నడిగారు అని వాళ్ళ భార్యలు కూడా అడగరు. అంటే ఇతరుల భూమిలో విహారం అన్నది మగవాళ్ళకు ఏడాది పొడుగునా ఉంది. ఆడవాళ్ళకు అది తొమ్మిది రోజులకు, ఆపైన కార్తీకంలో ఒక పూట వనభోజనానికి కుదించి ఉంది. అదీ దేవుడి పేరు మీద. బతుకమ్మ గొప్పదనం గురించి మనం రాసిన వ్యాసాలన్నింటిలో ఈ లెక్క వేసిన వ్యాసం నాకు కనపడలేదు.

ఇప్పుడు గడి దగ్గరికి వస్తాను.

తెలంగాణ పల్లెల్లో దొరల గడీల ముందు ఆడవాళ్ళ చేత బతుకమ్మ ఆడించిన సంగతి చాలామందికి తెలిసిందే. వెట్టి గురించి రాసేటప్పుడు దాన్నొక వాక్యంలో చెప్పి వదిలేస్తుంటారు. థీసిస్ పనిలో జగిత్యాల దగ్గరి ఒక ఊళ్ళో ఎనభై దాటిన ఒక అవ్వ దగ్గర నేను మూడు రోజులు పాటలు రాసుకున్నాను. పాటల నడుమ ఆమె గడి గురించి చెప్పింది. ఆ మాటలు నోటుబుక్కు అంచుల్లో ఉండిపోయాయి. తమ ఊళ్ళో బతుకమ్మ ముందు గడి వాకిట్లో దిగాలట. దొరసాని చూశాకే చెరువుకు. గడిలోకి మామూలు రోజుల్లో చెప్పులతో పోలేని మనుషులు ఆ రోజు పట్టుచీర కట్టినా కట్టకపోయినా వెళ్ళి తీరాలి. పిల్లకు జ్వరమున్నా సరే. "పాట నోట్ల ఉండె, పానం ఇంటికాడ ఉండె" అంది ఆమె. పిలుపు కాదు, హుకుం.

నేల ఒకటే, పాట ఒకటే, అడుగులు వేసే తీరు ఒకటే. చేన్లో ఆడిన ఆటా గడిలో ఆడిన ఆటా కాగితం మీద రాస్తే ఒకే పాఠం వస్తుంది. జానపద సాహిత్య విద్యార్థిగా నాకు వాటి మధ్య తేడా చెప్పే పరికరం ఏదీ లేకపోయింది. ఒకచోట ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు పరాయి నేలలోకి నడిచారు. ఇంకోచోట పరాయి నేల వాళ్ళను లోపలికి లాక్కుంది. భూమి మీద హక్కు ఉన్నవాడికి ఆ భూమి మీద ఎవరు ఆడాలో నిర్ణయించే హక్కు కూడా ఉండడమే గడి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. గడీ ముందరి బతుకమ్మ మాత్రం ఈ రెండింటి తర్వాత కూడా చాలా ఊళ్ళలో కొనసాగింది.

అది ఆగింది 1970ల చివర్లో. ఆ ఏళ్ళలో జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో రైతుకూలీ సంఘాలు ఏర్పడ్డాయి. వెట్టి చేయబోమన్నాయి, కూలి రేట్లు పెంచమన్నాయి, జరిమానాల పేర గుంజిన డబ్బు తిరిగిమ్మన్నాయి, దొరలు ఆక్రమించుకున్న బంచెరాయి భూముల్లో ఎర్రజెండాలు పాతాయి. మాట వినని దొరల ఇళ్ళకు చాకలి, మంగలి, పాలేరు వెళ్ళడం మానేశారు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన రైతుకూలీల ఊరేగింపు, సభ జైత్రయాత్రగా చరిత్రకెక్కాయి. అల్లం రాజయ్య నవల 'కొలిమంటుకున్నది' ఈ నేలలోంచే వచ్చింది. ఆ ఏడు బతుకమ్మ అక్టోబరు మొదటి పది రోజుల్లో పడింది. పండుగ దాటిన కొద్దిరోజులకు, అక్టోబరు 20న, ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ చట్టం ప్రకారం నిషేధాజ్ఞలున్న చోట ఐదుగురు, అంతకు మించి గుమిగూడితే ఎస్సై స్థాయి అధికారి కూడా కాల్పులకు ఆదేశించవచ్చు. ఐదుగురికి ఒక బతుకమ్మ కూడా చుట్టూ తిరగదు.

చాలామంది దొరలు ఊళ్ళు విడిచి కరీంనగర్‌కూ హైదరాబాద్‌కూ వెళ్ళిపోయారు. గడీలు పావురాలకు మిగిలాయి. ఆ అవ్వను నేనడిగాను, దొర పోయిన ఏడు బతుకమ్మ ఎక్కడ ఆడారని. ఆమె నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూసి, "చెర్లకే పోయినం, ఇంకేడికి" అంది. పోరాట చరిత్రలో అది విజయంగా ఎక్కడా నమోదు కాలేదు. కానీ ఒక వాకిట్లో ఆగకుండా నేరుగా చెరువుకు నడవడం ఎంత పెద్ద సంగతో, ఆ వాకిట్లో ఆగినవాళ్ళకు తెలుసు.

ఇక్కడ ఒక మాట కష్టంగానే అనాలి. ఆ ఉద్యమం మీద నాకున్న గౌరవం తక్కువది కాదు. అయినా దున్నేవాడికే భూమి అన్న నినాదంలో ఆ 'వాడు' ఊరికే వచ్చి కూర్చోలేదు. భూమి అంటే సాగు, సాగు అంటే నాగలి, నాగలి అంటే మగవాడు. పంచిన భూములకు పట్టాలొచ్చిన చోట అవి ఎక్కువగా మగవాళ్ళ పేర్లకే వచ్చాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు ఆ స్త్రీలు అడిగింది ఇదే కదా, మా భాగం ఏమైందని. ఆ ప్రశ్నను నేను ఇంకొంచెం పక్కకు జరుపుతున్నాను. దొరల గుప్పిట్లోంచి విడిపించిన బంచెరాయి సాగుభూమి అయింది. అవ్వాల్సిందే, ఆకలి ముందు. కానీ ఆ బంచెరాయే తంగేడు పూసే నేల కూడా. పేదవాడి సాగుకు పోయిన ప్రతి బంచెరాయితో పేద ఆడదాని పూలచోటు ఒకటి పోయింది. రెండూ న్యాయమైనవే. రెండోదాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు, మా ఆడవాళ్ళతో సహా.

ఇంకో లెక్క కూడా ఉంది. అమ్మమ్మ వెంట పువ్వుకు పోయిన ఏడెనిమిది మందిలో మాదిగవాడ ఆడవాళ్ళు లేరు. వాళ్ళు మా కంటే ముందే చేన్లలో ఉండేవాళ్ళు, కలుపు తీస్తూ. మేం కోసుకునే గునుగు చుట్టూ వాళ్ళు వంగి పనిచేస్తుంటే మేం పాడుకుంటూ పోయాం. చెరువుగట్టున కూడా ఆటలు వేరువేరు. ఊరి బతుకమ్మ అందరిదీ అని రాసినప్పుడల్లా దళిత రచయిత్రులు ఎవరెవరిదని అడుగుతూ వచ్చారు. వాళ్ళడిగింది నిజం. నేను నా చిన్ననాటి చేను గురించి ఎంత ముచ్చటగా చెప్పుకున్నా, ఆ చేన్లోకి నన్ను అడగకుండా రానిచ్చినదాంట్లో మా కులం వంతు కూడా ఉంది.

కోరుట్ల గేటు దగ్గరి ప్రశ్న నన్ను వదల్లేదు. ఎవర్ని అడిగి వచ్చారు? సాహిత్యం చదువుకున్నదాన్ని చట్టం పుస్తకాలు తిరగేశాను. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో ఆచారం వల్ల సంక్రమించే హక్కుల ప్రస్తావన ఉంది. ఊరి పచ్చిక బయల్లో రైతులు పశువుల్ని మేపుకునే ఆచారాన్ని అందులోనే ఉదాహరణగా ఇచ్చారు. ఇంగ్లండులో 1665లోనే అబ్బట్ వర్సెస్ వీక్లీ అనే కేసు ఉంది. ఒక ఆసామి సొంత నేలలో ఊరివాళ్ళు వినోదం కోసం నాట్యమాడుకునే ఆచారం చెల్లుతుందని కోర్టు చెప్పింది. చదివి గంతేసినంత పని చేశాను. పరాయి నేలలో గుండ్రంగా తిరిగి ఆడుకోవడం హక్కు కాగలదని మూడున్నర శతాబ్దాల కిందటే ఒక కోర్టు అనుకుంది!

తర్వాత షరతులు చదివాను. ఆచారం పాతదై ఉండాలి, ఎడతెగకుండా సాగుతుండాలి, సమంజసంగా ఉండాలి. అంతవరకు బాగానే ఉంది. ఇంకొకటి: దాన్ని హక్కుగా అనుభవించి ఉండాలి. అంటే దొంగచాటుగా కాదు, బలవంతంగా కాదు, ఆసామి అనుమతితోనూ కాదు. అనుమతితో వెళ్ళినట్టయితే అది చట్టం లెక్కలో లైసెన్సు. ఇచ్చినవాడు సాధారణంగా ఎప్పుడైనా తిరిగి తీసుకోవచ్చు.

ఆడవాళ్ళ బతుకులో ఈ షరతును పెట్టి చూడండి. మనల్ని పెంచిందే అడగడం నేర్పి. బయటికి పోవడానికి అడగాలి, పుట్టింటికి పోవడానికి అడగాలి. చేను ఆసామి ఎదురైతే అమ్మమ్మ నవ్వి, "గింత పువ్వు కోసుకుంటం పటేలా" అనేది. ఆయన "కోస్కోండ్రి" అనేవాడు. ఆ ఒక్క మర్యాద మాటతో తరాల ఆచారం అనుమతి అయిపోతుంది. అడక్కుండా వెళ్ళే తెగువ ఉన్నవాడికి కాలం గడిస్తే హక్కు వస్తుందట. మర్యాదగా అడిగినదానికి ఎన్నేళ్ళు గడిచినా దయే మిగులుతుంది. బావుల్లో దూకిన మా ఊరి మగపిల్లలు తెలియకుండానే చట్టానికి అనుకూలంగా నడుచుకున్నారు! గడి వాకిట్లో ఆడినవాళ్ళ సంగతి చట్టంలో ఏ గదిలోనూ ఇమడదు. అది హక్కూ కాదు, అనుమతీ కాదు.

ఇంగ్లండులో 1932లో మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మిక యువకులు కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి గుంపుగా నడిచిన సంగతి ప్రసిద్ధం. ప్రభువుల పక్షి వేటకోసం మూసిపెట్టిన ఆ కొండ మీద నడిచినందుకు వచ్చిన గొడవలో ఐదుగురు జైలుకు వెళ్ళారు. 2000లో అక్కడ కొండలు, బీళ్ళ మీద నడిచే హక్కు చట్టమైంది. స్కాట్లండ్ 2003లో ఇంకా ఉదారమైన చట్టం చేసుకుంది. స్వీడన్‌లో ఎవరి నేలలోనైనా నడవొచ్చు, అడవిపండ్లు, పువ్వులు కోసుకోవచ్చు, ఇంటి వాకిలికీ పంటకూ నష్టం చేయనంతవరకు. ఇది చదివినప్పుడు నాకు అమ్మమ్మ గుమ్మడిపువ్వు గుర్తొచ్చింది. ఆమె దగ్గరున్న రాయని చట్టం ఇంచుమించు ఇదే. తేడా ఏమంటే వాళ్ళు దాన్ని రాజ్యాంగంలో రాసుకున్నారు.

ఆ ఇంగ్లండులోనే కిండర్ స్కౌట్‌కు మూడేళ్ళ ముందు, 1929లో, వర్జీనియా వూల్ఫ్ తన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో ఒక పచ్చిక గురించి రాసింది. విశ్వవిద్యాలయం పచ్చికలో ఆలోచిస్తూ నడుస్తున్న స్త్రీని ఒక ఉద్యోగి వచ్చి కంకర బాటలోకి వెళ్ళగొడతాడు. మనం ఆ పుస్తకంలోంచి సొంత గదిని తెచ్చుకున్నాం, ఏడాదికి ఐదొందల పౌన్లను తెచ్చుకున్నాం. పచ్చికను అక్కడే వదిలేశాం. తెలుగు స్త్రీవాదం వంటింటి గురించి, పడకగది గురించి రాసినంతగా ఆరుబయలు గురించి రాయలేదు. 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబై ఆడవాళ్ళకు ఊరికే తిరిగే హక్కు కావాలంటూ 'వై లాయిటర్?' రాశారు. అది నాకు ఎంతో నచ్చిన పుస్తకం. కానీ అది నగరపు వీధి. వీధి కనీసం కాగితం మీద ప్రభుత్వానిది. మక్కచేను ఒకరి పట్టా.

సిరిసిల్లలో నేల ప్రశ్న ఇంకో రకంగా ఉంటుంది. అది మగ్గాల ఊరు. పద్మశాలి ఇళ్ళలో చాలావాటికి చెప్పుకోదగిన చేను లేదు. మగవాళ్ళు సాంచాల మీద, ఆడవాళ్ళు కండెలు చుడుతూనో బీడీలు చేస్తూనో ఇంటి గడపలోనే రోజంతా. మా పెద్దమ్మ అక్కడే ఉంటుంది. చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే వెయ్యి బీడీలయ్యేదాకా లేవదు. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో సాయంత్రం చాట పక్కన పెట్టి మానేరు దాకా నడిచిరావడమే ఆమెకు ఏడాదిలో దక్కే విహారం. పక్కనే వేములవాడలో ఏడో రోజే సద్దుల బతుకమ్మ చేస్తారు గనక ఆమెకు రెండు సద్దులు. చెల్లెలి ఇంటి పేరు చెప్పి అక్కడికీ వెళ్ళొస్తుంది.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. 2017 నుంచి కొన్నేళ్ళు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో చాలావరకు సిరిసిల్ల మరమగ్గాల మీద నేశారు. దాంతో అక్కడి ఇళ్ళలో నాలుగు వేళ్ళు లోపలికి పోయాయి, దాన్ని తేలిక చేయను. చెరువుల దగ్గర మెట్లు కట్టారు, లైట్లు పెట్టారు. అంటే ఆడడానికి చీర ఇచ్చారు, నీళ్ళలో వేయడానికి మెట్లిచ్చారు. చీరకూ మెట్టుకూ నడుమ ఉన్న చేను సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. రాష్ట్ర పుష్పాన్ని కోయడానికి ఎవరి గేటు తట్టాలి?

గేట్లు ఎలా వచ్చాయో కూడా చెప్పాలి, లేకపోతే ప్లాట్లు కొన్నవాళ్ళను దోషుల్ని చేసినట్టవుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు పోని ఇల్లు అరుదు. ఎడారిలో పదేళ్ళు ఇసుకలో, ఇనుములో పనిచేసి దాచిన డబ్బుతో కొన్న రెండొందల గజాలు అవి. అతను లేని ఊళ్ళో అతని నేలకు గోడే కాపలా. చేను రైతుకూ కష్టాలున్నాయి. తోటలోకి వచ్చినవాళ్ళు సీసాలు పగలగొట్టి పోతారు, ప్లాస్టిక్ గ్లాసులు ఏరుకోవడం అతని పనవుతుంది. (ఆ సీసాలు ఆడవాళ్ళవి కావు. మూసుకునే గేటు మాత్రం అందరికీ మూసుకుంటుంది.) ఇక గోడ లేని చేన్లలో కలుపుమందు గోడ పని చేస్తోంది. మక్కకు మందు కొట్టాక గునుగు మొలవదు. కూలి ఖర్చు భరించలేని రైతు కొడతాడు. అతన్ని ఏమనగలం?

మన పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు అని ఒక గడి ఉండేది. నేల ఎవరి పేరున ఉన్నా, దాన్ని నిజంగా అనుభవిస్తున్నది ఎవరో అందులో రాసేవాళ్ళు. 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ గడి తీసేశారు. కౌలు రైతులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, దానివల్ల ఎంత నష్టపోయారో చాలామంది రాశారు. 2025లో భూభారతి చట్టం ధరణి స్థానంలోకి వచ్చింది. చట్టం భాషలో అనుభవం అంటే స్వాధీనం. ఆ గడిలో పువ్వుకు వచ్చేవాళ్ళ పేరు ఏనాడూ లేదు, ఉండాలని అడిగినవాళ్ళూ లేరు. నేనూ పట్టాలో వాటా అడగడం లేదు. ఊరి నక్షాలో బండ్లబాట గీస్తారు, ఒర్రె గీస్తారు, శిఖం గీస్తారు. ఏడాదికి తొమ్మిది రోజులు ఆడవాళ్ళు నడిచే బాట గీయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

ఈ మాట ఒక సెమినార్‌లో అన్నప్పుడు ఒక పెద్దాయన నవ్వి, పువ్వుల కోసం సర్వే నంబర్లు మార్చాలా అమ్మా అన్నారు. పశువుల మేతను చట్టంలో ఉదాహరణగా రాసినప్పుడు ఎవరూ నవ్వినట్టు లేదు.

గోడ తగిలిన తర్వాతి ఏడు అమ్మ పువ్వుకు రానంది. బజార్లో రంగులద్దిన గునుగు కట్టలు కొనుక్కొచ్చి పేర్చింది. ఆ తర్వాతి ఏడు మళ్ళీ సంచిలో కొడవలి పెట్టుకుంది. ఇంకొంచెం దూరం, వేరే వైపు నడిచాం. ఒక పసుపు చేను కనిపించింది, నడుమ నడుమ మక్క సాళ్ళు. గట్టు పొడుగునా తెల్లగా గునుగు. ఒకామె ఒక్కతే పనిచేసుకుంటోంది, నా ఈడుదే ఉంటుంది. ఈసారి అమ్మ ముందే అడిగింది, ఎంతో సంకోచంగా, తల కొంగు సర్దుకుని. ఆ సంకోచం అమ్మలో నేనంతకుముందు చూడలేదు.

"కోసుకో అవ్వా, గట్టుకు నేను మందు కొట్టలే, గందుకే ఉంచిన" అంది ఆమె. మేం కోస్తుంటే తనూ వచ్చి నాలుగు కట్టలు కోసి మా గంపలో వేసింది. సాయంత్రం తనూ పేర్చుకోవాలట, తనకూ ఉంచమంది. ఏటా ఇట్లాగే ఉంచుతావా అని అడిగాను. ఉంచుతానంది. నాలోని పరిశోధకురాలు ఊరుకోలేదు. చేను ఎవరి పేరు మీద ఉందని అడిగాను.

"మా ఆయన పేరు మీద. ఆయన దుబాయిల ఉన్నడు" అని ఆమె మళ్ళీ సాలులోకి వంగింది. కాసేపటికి తలెత్తి, నేనింకేమైనా అడుగుతానేమోనని కాబోలు, "కోసుకొమ్మన్నది నేనే గద అక్కా" అంది.